అలాయి తొక్కిన కాలికి ఎక్స్‌రే

సిరుగుప్ప తాలూకా మొత్తమ్మీద, పీర్ల పండగ నాడు అలాయి గుండంలో కణకణలాడే నిప్పుల మీద, వక్కాకు నములుకుంటూ, పెళ్ళి ఊరేగింపులో నడిచినంత నిదానంగా నడిచిన మొగవాడు ఒక్కడే. ఎవరా ఒక్కడు అని మీరు అడగకపోయినా నేను చెప్పక మానను. నేనే! హులిగప్పను!

మిగతావాళ్ళో? మొక్కుకున్నవాళ్ళు, పది దినాలు ఒక్కపొద్దులున్నవాళ్ళు, ఉక్కు పిండాల్లాంటి పడుచువాళ్ళు, అందరూ ఉరుకులే ఉరుకులు. నేనైతే కడుపునిండా తిని వెళ్ళి, నడి గుండంలో నిలబడి, వక్క సరిగా నలగలేదని ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకుని మరీ గట్టెక్కాను.

అందుకే ఈ రోజు బల్లగుద్ది చెబుతున్నాను. మనిషికి దేవుడిచ్చే వరాలన్నిటిలోనూ గొప్పది చక్కెర జబ్బు!

నవ్వకండి. నేను చదివింది వీధిబడిలో నాలుగో క్లాసే అయినా, ఈ జబ్బులో మాత్రం ఎమ్మే పాసయినవాణ్ణి.

మా తాతల కాలంలో ఈ భాగ్యం గొప్పింటివాళ్ళకే ఉండేది. జొన్న సంగటి మింగేవాడికి చక్కెర ఎక్కడిది? తుంగభద్ర కాలువ వచ్చింది. కాలువ వెంట కోస్తా రైతులు వచ్చారు, వాళ్ళ వెంట వరి వచ్చింది, వరి వెంట మూడు పూటలా తెల్లన్నం వచ్చింది. అన్నం వెంట ఈ జబ్బు మా ఊరు హచ్చొళ్ళి దారి పట్టుకుని, నేరుగా మా ఇల్లే అడిగి వచ్చింది. పంచవర్ష ప్రణాళికలో ఈ అభివృద్ధి సంగతి రాశారో లేదో మరి!

దీనివల్ల కాళ్ళకు కలిగే సుఖం మీకేం తెలుసు? ముల్లు గుచ్చుకుంటే మీరు గట్టు మీద కూలబడి, పిన్నీసు వెతికి, పళ్ళు కొరికి, అరపూట పని చెడగొట్టుకుంటారు. నాకా బాధే లేదు. మడమలో తుమ్మచెట్టు మొలిచి, మేకలు మేతకు వెంటబడితే తప్ప ముల్లు దిగిన సంగతి నాకు తెలియదు. ఒకసారి తేలు కుట్టింది. కుట్టి, నేను అరుస్తానేమోనని నా మొహం వంక చూసింది. నేను చుట్ట వెలిగించుకున్నాను. పాపం, సిగ్గుతో తోక దించుకుని వెళ్ళిపోయింది!

ఇక చెప్పులంటారా? జారిపోయినా కాలికి తెలియదు. సత్యనారాయణపేటలో జత చెప్పులతో బయల్దేరి, బ్రూస్‌పేటకు ఒంటి చెప్పుతో చేరాను. బళ్ళారి జనం ఇదేదో కొత్త ఫ్యాషననుకుని నా కాళ్ళనే చూశారు. అంతకు ముందు నన్ను చూసినవాడెవడు?

సరే, అసలు కథకు వస్తాను.

ఆ ఎండాకాలం రెండో కారు వడ్లు కొట్టి, సంచులకెత్తి, మూతులు కుడుతున్నాం. కళ్ళంలో దబ్బనం విరిగింది. సగం చేతిలో ఉంది, మొన లేదు. మా జీతగాడు తాయప్ప మీద విరుచుకుపడ్డాను.

“మొన యాడ పారేస్తివిరా? గడ్డిలో పడితే ఎద్దు మింగుతాది. ఎద్దు సస్తే నీ మెడకు కాడి కడతా!”

“నీ చేతిలోనే కదప్పా ఇరిగింది! నన్నంటే ఏం చేసేది?”

“ఎదురు మాట్లాడతావా? ఎతుకు!”

రెండు దినాలు నిప్పులు చెరిగే ఎండలో వాడి చేత కళ్ళంలోని వడ్ల పొట్టు అంతా జల్లెడ పట్టించాను. మొన దొరకలేదు. వాడి చేతకానితనం ఊరంతా చాటింపు వేశాను. ఆ తర్వాత వారానికే పీర్ల పండగ, అలాయి, నా వీరవిహారం.

మరునాటి నుంచి నేను మహాత్ముణ్ణి! “హులిగప్ప తాతకు అగ్గి సోకలేదంట” అని పక్కూళ్ళ నుంచి జనం. పసిబిడ్డలను నా పాదాల మీద పడుకోబెట్టేవాళ్ళు. కొట్రమ్మ అనే ముసలామె తన బర్రె ఈనడం లేదని, నా కాలు కడిగిన నీళ్ళు చెంబుతో పట్టుకుపోయింది. బర్రె ఈనింది కూడా! ఇంకేం కావాలి? అరుగు మీద కాళ్ళు చాపుకుని, కళ్ళు అరమూసి, నోటికొచ్చింది దీవిస్తూ కూర్చున్నాను.

నా భార్య పక్కీరమ్మ ఒక్కతే మొక్కలేదు. ఆమె పేరే పీర్లసామి పేరు, మొక్కాల్సిందైతే ముందు ఆమే మొక్కాలి. ఆమె నా కాళ్ళు చూడలేదు, నాపరాళ్ళ మీద నా అడుగులు చూసింది.

“ఏందిది? ఒక అడుగు పొడి, ఒక అడుగు తడి?”

“మహిమే అది.”

“మహిమా, మట్టా! కాలు ఇట్లా తిప్పు.”

“భక్తులుండారు, సుమ్మనుండు!”

భక్తుల ముందే నా చీలమండ పట్టి, గొర్రెను తిప్పినట్టు తిప్పింది. అరికాలు చూసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చుట్టూ ఉన్న భక్తులు ఒక్కొక్కరే లేచి, పనులు గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయారు.

“లేయ్. బళ్ళారికి పోదాం,” అంది. అంతే.

డాక్టరు వెంకటకృష్ణయ్యది కోస్తా. కాలు చూసి, “పెద్దాయనా, ముందు దీనికి ఫోటో తీయించాలండీ,” అన్నాడు. ఫోటో అనగానే నేను ఊరుకుంటానా? మంగలి దగ్గరకు పోయి గడ్డం గీయించుకుని, మీసాలకు నూనె పెట్టి, కొత్త రుమాలు చుట్టుకుని వెళ్ళాను. చీకటి గదిలో మిషను ముందు ఛాతీ విరుచుకుని నిలబడితే, అక్కడి మనిషి అన్నాడు: “మొకం బ్యాడప్పా, మొకమెందుకు, కాలు పెట్టు!”

అరవై ఏళ్ళకు మొదటి ఫోటో. అందులో మీసాల్లేవు!

మర్నాడు డాక్టరు ఆ నల్లటి పటాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. బూడిద రంగులో నా ఎముకలు. వాటి మధ్య, బొటనవేలి పక్క వేలి మొదట్లో, తెల్లగా తళతళలాడే గీత ఒకటి. నేను చేతులు జోడించాను. నా పాదంలో త్రిశూలమో, పీరు పంజాయో వెలిసిందనుకున్నాను. మాకు తోడుగా బళ్ళారికి వచ్చిన తాయప్ప వెనక నుంచి తొంగి చూసి ఒక్క కేక పెట్టాడు.

“దొరికె! అప్పా, దబ్బనం మొన దొరికె!”

నేను తల వంచుకున్నాను. తేలు కంటే ఎక్కువ సిగ్గుపడ్డాను.

డాక్టరు నవ్వలేదు. మొన పక్కన ఎముకను చూపించాడు. చెదలు తిన్న వాసంలా అంచులు రాలిపోయి ఉంది.

“నొప్పి లేదన్నారు కదండీ. అదే అసలు జబ్బు. నొప్పంటే చేను కావలివాడండీ. మీ కాలికి కావలివాడు ఎప్పుడో చచ్చిపోయాడు. వేలు సంగతి ఇప్పుడు చూడకపోతే, తర్వాత చూడ్డానికి కాలే ఉండదు.”

పక్కీరమ్మ నా భుజం పట్టుకుంది. ఆ పట్టు మాత్రం నాకు బాగా తెలిసింది. అక్కడ కావలివాడు ఇంకా బతికే ఉన్నాడు.

మీరు కంగారు పడకండి. మొన తీశారు, సూదులేశారు, అన్నం మాన్పించి మళ్ళీ జొన్న రొట్టె తినిపించారు. నా వేలి గట్టితనం చూసి డాక్టరే బిత్తరపోయి, “ఇది కత్తికి లొంగే వేలు కాదండీ,” అన్నాడు. ఇరవై దినాలకు అయిదు వేళ్ళతో దర్జాగా ఇంటికొచ్చాను.

ఇంటికొచ్చాక తాయప్పను పిలిచి, ఊరి ముందే “తప్పు నాదప్పా” అన్నాను. వాడు ఊరుకోవచ్చు కదా? అప్పుడే అలాయి గుట్టు కూడా విప్పాడు. నేను నడి గుండంలో నిలబడింది వక్క నమలడానికి కాదు. గట్టెక్కేశానని అనుకుని! కింద నిప్పో నేలో తెలిస్తే కదా? “ఇంకా అగ్గిలోనే ఉండావప్పా, రాప్పా బయటికి!” అని రెక్క పట్టి లాగింది తాయప్పే. రెండు దినాలు నేను ఎండలో నిలబెట్టిన ఆ తాయప్పే.

కాబట్టి నేను చెప్పొచ్చేదేమంటే, నా కాళ్ళకు మొక్కినవాళ్ళు నూరుమంది. కాలు తిప్పి చూసింది ఒక్కతే. ఆమె ఉత్త కళ్ళతో చూసి చెప్పిన మాట నమ్మడానికి నాకు బళ్ళారి మిషను కావాల్సి వచ్చింది! ఇప్పుడు ఏ దేవుడు కనిపించినా నేను అడిగే వరం ఒకటే: “సామీ, ఒక్క చిన్న ముల్లు గుచ్చుకుని, నేను ‘అమ్మా’ అనేటట్టు చెయ్యి.”

ఇందులో కల్పితమెంత అని మీరడుగుతారు. దబ్బనం నిజం. అలాయి నిజం. తేలు సంగతి తేలునే అడగండి. నేను అల్లిన అబద్ధం ఒక్కటే, డాక్టరు వేలిని చూసి బిత్తరపోయాడన్నది. ఆయన బిత్తరపోలేదు. వేలు నాతో ఇంటికి రాలేదు.

రోజూ పొద్దుగూకే ముందు పక్కీరమ్మ నా కాలు ఒళ్ళో పెట్టుకుని, వెలుతురుకు తిప్పి, వేలి సందులన్నీ చూస్తుంది. నాలుగు వేళ్ళకు ఎంతసేపు పడుతుంది? ఆమె లోపలికి వెళ్ళాక నేను ఎక్స్‌రే పటం తీసి ఎండకు పట్టుకుంటాను.

అందులో అయిదూ ఉన్నాయి.