మంత్రిగారొచ్చేదాకా రెప్పవెంట్రుక పీకొద్దు

మన జిల్లాలో ట్రకోమా అనేది ఇక లేదని మంత్రిగారు ప్రకటించింది నా మైకులోనే. కల్వకుర్తి చుట్టుపక్కల ఏ సభకైనా మైక్‌సెట్ నాదే. చరిత్రలో నా పేరు ఉండకపోవచ్చు గానీ నా యాంప్లిఫయర్ ఉంటుంది.

ట్రకోమా అంటే ఏమిటో కూడా మంత్రిగారే చెప్పారు. ఈగలూ మురికి చేతులూ మోసుకొచ్చే కంటి జబ్బు. ఏళ్ల తరబడి ముదిరితే రెప్ప లోపలికి ముడుచుకుని, దాని వెంట్రుకలు కనుగుడ్డును గీకుతాయి. గీకీ గీకీ నల్లగుడ్డు తెల్లబడి చూపు పోతుంది. మొహం శుభ్రంగా కడుక్కుంటే అసలు రానే రాదన్నారు. అందుకని మా ఊళ్లో కొత్త నల్లా ప్రారంభించారు. అందులో నీళ్లు ఇంకా రాలేదు కాబట్టి ట్యాంకరు నీళ్లతో మొహం కడుక్కున్నారు.

అందరూ చప్పట్లు కొడుతుంటే ముందువరసలో గుర్వమ్మ ఒక్కతే తడిగుడ్డ కంటికి అదుముకుని కూర్చుంది. మేకలు కాసుకునే మనిషి. ఎడమకన్ను ఎప్పుడో పోయింది. కుడికన్నుతోనే మేకల్నీ, కోడలు నాగరాణినీ కాస్తోంది. దవాఖాన డాక్టరు కరుణ రెప్ప ఎత్తి చూసి, ఇది ట్రకోమానే అనీ, చిన్న ఆపరేషన్‌తో వెంట్రుకలు బయటికి మళ్లించవచ్చనీ, ఆలస్యమైతే ఈ కన్నూ దక్కదనీ అంది. పక్కనే ఉన్న నా మైకు ఆ మాటను ఊరంతటికీ వినిపించింది.

మరొకరైతే పారిపోయేవారు. మండల నాయకుడు ఐలేశం మాత్రం మంత్రిగారి చెవిలో ఏదో ఊదాడు. మంత్రిగారి మొహం వెలిగిపోయింది. ఈ తల్లే మన జిల్లాలో ఆఖరి ట్రకోమా పేషెంటని, ఈమె ఆపరేషన్ తన సమక్షంలోనే జరగాలని అక్కడికక్కడే ప్రకటించారు. ప్రజల్ని కంటికి రెప్పలా కాపాడే నాయకుడని ఊరికే అనరు.

ఆ రోజు నుంచి గుర్వమ్మ హోదా పెరిగింది. ఇంటి ముందు ఫ్లెక్సీ లేచింది. ఫ్లెక్సీలో ఐలేశం, ఐలేశం భుజం వెనకాల గుర్వమ్మ. డాక్టరు కరుణ సోమవారమే పాలమూరు తీసుకెళ్లి ఆపరేషన్ చేయిస్తానంది.

"మేడం, ఉన్నదే ఒక్క పేషెంటు. మీరు బాగుచేస్తే, సార్ వచ్చి ఎవర్ని బాగు చెయ్యాలె?" అన్నాడు ఐలేశం.

ఆమె వాదించింది. వారం తిరక్కుండా డిప్యుటేషన్ మీద హుజూర్‌నగర్ వెళ్లింది, ట్రకోమా నిర్మూలన ముగ్గుల పోటీలకు జడ్జీగా.

మేకల కాపరుల ఇళ్లలో తుమ్మముళ్లు తీసుకునే చిమ్టా ఉంటుంది. నాగరాణి దాంతోనే అత్త కంట్లో గుచ్చుకునే వెంట్రుకలు పీకేది. మళ్లీ మొలిచేదాకా ముసలామెకు హాయి, కంటికి కాస్త రక్ష. ఈ సంగతి తెలిసి ఐలేశానికి గుండె ఆగినంత పనైంది. వెంట్రుకలే లేకపోతే టీవీవాళ్లకు ఏం చూపించాలి? చిమ్టా జప్తు చేశాడు. పక్కింటి నుంచి అడిగి తెస్తుందేమోనని ఊళ్లో చిమ్టాలన్నీ పార్టీ ఆఫీసుకు చేర్పించాడు. కాపరులు కుంటుకుంటూ మేకల వెంట తిరిగారు. త్యాగాలు మా జిల్లాకు కొత్త కాదు.

మంత్రిగారు రాలేదు. మొదట అసెంబ్లీ. తర్వాత ఎన్నికల కోడ్. ఆ తర్వాత మూఢం. మంచిపని మూఢంలో ఎవరు చేస్తారు? నాగరాణి ఉండబట్టలేక హైదరాబాద్ బస్సెక్కుదామంది. గుర్వమ్మే వద్దంది.

"అంత పెద్దమనిషి మాటిచ్చిండు బిడ్డా. ఆయనొచ్చేసరికి నేను లేకుంటే ఆయన ఇజ్జత్ ఏం గావాలె? జర ఓర్సుకుంట."

ఓర్చుకుంటూనే ఉంది, కొంగు తడుస్తూనే ఉంది. చూసి నాకు భయమేసింది. కానీ నేను మైక్‌సెట్ వాణ్ణి. ఎవరు మాట్లాడితే వాళ్ల మాటే గట్టిగా వినిపించడం నా పని.

మూఢం వెళ్లగానే మంత్రిగారు వచ్చారు. టెంటు, డప్పులు, టీవీలు. కొత్త డాక్టరు గుర్వమ్మ రెప్ప ఎత్తి చూసి వెంటనే దించేశాడు. నల్లగుడ్డు పాలలా తెల్లబడి ఉంది.

"ఇప్పుడు ఆపరేషన్ చేసినా చూపు రాదు సార్. ఇక ఈమె అంధుల కిందికి వస్తుంది."

"అంటే ట్రకోమా కిందికి రాదా?"

మంత్రిగారి వెనక నుంచి ఐలేశం తల అడ్డంగా ఊపాడు.

"రాదు సార్," అన్నాడు డాక్టరు.

మంత్రిగారు మైకందుకుని, జిల్లాలో ఆఖరి ట్రకోమా పేషెంటు కూడా ఇక లేరని ప్రకటించారు. టపాకాయలు పేలాయి. ఐలేశం జప్తు చేసిన చిమ్టాను పట్టుగుడ్డలో చుట్టి గుర్వమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని తడిమి చూసుకుని కోడలికి అందించింది.

తర్వాత శాలువా. గుర్వమ్మ కృతజ్ఞతగా దండం పెట్టింది. మంత్రిగారు ఆమెకు ఎడమవైపు నిలబడి ఉంటే, ఆమె కుడివైపు ఉన్న నా స్పీకరు బాక్సుకు మొక్కింది. మాట అక్కణ్ణుంచే వస్తోంది మరి. ఫొటోలో మంత్రిగారి వైపు ఆమె వీపే పడుతోందని ఫొటోగ్రాఫరు విసుక్కున్నాడు.

ఐలేశం నా దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, జర గా బాక్సు సార్ ఎనుకకు పెట్టు."

పెట్టాను. ఫొటో చాలా బాగా వచ్చింది.