పోయిన కోరం

"ఈ ఊళ్ళో నేరం చేసి నా చేతికి చిక్కకుండా ఉండాలంటే ఒకటే దారి. నేను పుట్టకముందే చేసి ఉండాలి."

చిన్నల్లుడు ఈ మాట అద్దంలో ఉన్న తన మొహానికే చెప్పాడు. అప్పటికి అతని చెంపల నిండా నురగ ఉంది. పెద్దల్లుడి చేతిలో కత్తి ఉంది. అపరాధ పరిశోధకుడి గొంతు ఆ క్షణాన పరాధీనంలో ఉంది.

"కదలకు," అన్నాడు పెద్దల్లుడు.

ఇద్దరూ తోడల్లుళ్ళు. పెద్దల్లుడిది సెలూను. చిన్నల్లుడిది కళ్ళజోళ్ళ దుకాణం. కాని బోర్డు మీద కళ్ళజోళ్ళ సంగతి అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. పైన 'డేగకన్ను డిటెక్టివ్ ఏజెన్సీ' అని ఉంటుంది. ఆ డేగకన్నుకి సీసా అడుగంత మందం అద్దాలు. అవి తీశాడంటే, ఎదురుగా ఉన్న ఆకారం తిడితే భార్య, తిట్టకపోతే బీరువా. ఒకసారి తప్పిపోయిన పిల్లి కోసం ఊరంతా గాలించాడు. ఊరంతా ఆ పిల్లి అతని వెనకే తిరిగింది.

"అన్నయ్యా, నా బుర్రకి తగ్గ కేసు దొరకడం లేదు."

"ఇవాళ సంఘం కూర్చుంటోంది. నాతో రా. అత్తయ్య సంగతి చెప్పుకోవాలి."

"కేసు లేనిదే డేగ గూడు కదలదు."

"నీ పెళ్ళాం నిన్ను తీసుకెళ్ళమంది."

"వస్తున్నా."

అత్తగారి సంగతి ఇది. పెద్దల్లుడి సెలూను ఏటికి అవతల, ఇల్లు ఇవతల. మధ్యలో వంతెన. బంతాటలో అవతలివాళ్ళకీ ఇవతలివాళ్ళకీ మాటామాటా పెరిగి, నడుమ పోయిన పాపానికి రెఫరీకి చెవి తెగింది. శాంతి కోసం వంతెన మీద గేటు దించారు. పడవలు కూడా ఆపారు. చెవి అతుక్కుంది. గేటు లేవలేదు. దాన్ని లేపాలంటే శాంతి భద్రతల ఉన్నతస్థాయి అంతర్‌శాఖా సంఘం తీర్మానం చెయ్యాలి. ఆ సంఘం ఎన్నిసార్లు కూర్చుందో అన్నిసార్లూ ఉత్తచేతులతో లేచింది.

గేటు పడ్డ పొద్దున అత్తగారు సెలూను ఊడవడానికి వెళ్ళింది. అటే ఉండిపోయింది. సెలూనూ అటే చిక్కుకోవడంతో పెద్దల్లుడు సంచి పట్టుకుని ఇవతల ఇళ్ళకి పోయి గొరుగుతున్నాడు. భార్య పోయాక పెద్దల్లుడి ఇంట్లో మిగిలిన మనిషి ఆవిడ ఒక్కతే. ఇద్దరూ రోజూ పోట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు చెరో ఒడ్డునా నిలబడి పోట్లాడుకుంటున్నారు.

"తిన్నావా అల్లుడూ?" అని ఆవిడ అటునుంచి కేక.

"తిన్నాను."

"అబద్ధం! తిన్నవాడి గొంతు అలా ఉండదు!"

"నీకెందుకు? నువ్వు తిన్నావా?"

"నాకెందుకంటావా, వచ్చి చెప్తా ఉండు!"

రావడమే కుదరడం లేదు. ఆవిడ రెండు కళ్ళకీ పొర కమ్మింది. ఎక్కడినుంచో వచ్చే కంటి డాక్టరు రేపు పొద్దున ఇవతలి ఆసుపత్రిలో ఆపరేషన్ చేస్తానన్నాడు. ఇప్పుడు కాకపోతే మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు. ఈలోగా పొర ముదిరితే చూపు రాదని ముందే చెప్పి చేతులు దులుపుకున్నాడు.

అందుకని గేటు ఇవాళే లేవాలి.

సంఘం ఆఫీసు వసారాలో ఒక బెంచీ, ఒక నీళ్ళకుండ, ఒక బంట్రోతు ఉన్నారు. ముగ్గురూ పాతవాళ్ళే.

"కూర్చోండి. కోరం ఉంటే పిలుస్తారు," అన్నాడు బంట్రోతు.

"లేకపోతే?"

"మొదట్లో ఉంటుందయ్యా. సరిగ్గా సంతకాల వేళకి పోతుంది. రోజూ ఉన్న గోలే ఇది."

కోరం అంటే సభ చెల్లడానికి కావలసినంతమంది మనుషులు. ఈ సంఘానికి అయిదుగురు. వాళ్ళలో ఒక్కరు లేచిపోయినా ఆ రోజుకి సభ అంతే. ఈ ముక్క బంట్రోతుకి తెలుసు. తోడల్లుళ్ళకి తెలియదు. పెద్దల్లుడు తెలియదని ఊరుకున్నాడు. చిన్నల్లుడు ఊరుకోలేదు. అతని ముక్కు అదిరింది.

"పోతుందా? రోజూనా?" బెంచీ మీద ముందుకి జరిగాడు. "ఎంత ఉంటుంది ఈ కోరం?"

"అయిదు. నాలుగుంటే పనికిరాదు."

"ఎవరి మీద అనుమానం?"

"అనుమానం దేనికి? అందరికీ తెలిసిందేగా. మొన్న నీళ్ళ శాఖాయన వల్ల పోయింది. అంతకు ముందు రోడ్ల శాఖాయన. వంతులేసుకుంటారు."

"అధ్యక్షురాలికి తెలిసే జరుగుతోందా?"

"పాపం, ఆవిడ కళ్ళ ముందే."

చిన్నల్లుడు తోడల్లుడి రెక్క పట్టుకుని కుండ చాటుకి లాక్కుపోయాడు. గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గిస్తే వసారా చివరిదాకా వినపడుతుంది.

"అన్నయ్యా, అర్థమైందా? కోర అంటే ఏమిటి?"

"పులికి ఉంటుంది. నోట్లో."

"అవి అయిదు. నాలుగుంటే పనికిరాదు. అంటే?"

"అంటే?"

"హారం! అయిదు కోరల హారం! కోర, హారం, కలిపితే కోరం! ఎప్పటిదో రాజులనాటి సొత్తు. దాని మీద చెయ్యి వేస్తేనే తీర్మానం చెల్లుతుంది. సరిగ్గా సంతకాల వేళకి ఈ ముఠా దాన్ని మాయం చేస్తోంది. నెత్తుటి మరకలు లేని మహా కుట్ర!"

పెద్దల్లుడు బెంచీ వైపు తొంగి చూశాడు. "బంట్రోతుని ఇంకొంచెం అడిగితే సరిపోదా?"

"ముఠా మనిషిని అడిగితే ముఠా గుట్టు చెప్తాడా? నీకు తలలు గొరగడమే తెలుసు అన్నయ్యా, లోపల ఏముందో నాకు వదిలెయ్."

ఇక మారువేషం. సెలూను సంచిలోంచి నిన్నటి కత్తిరింపుల జుట్టు బయటికొచ్చింది. ఆఫీసు బల్ల మీది గోందు సీసా సగమైంది. ఒక చెంప మీద నల్లగా, ఒక చెంప మీద తెల్లగా, చుబుకం దగ్గర ఉంగరాలుగా ఒక గడ్డం తయారైంది. ఊళ్ళో సగంమంది మగవాళ్ళ వాటా ఉంది అందులో. కళ్ళజోడు పట్టిస్తుందని జోడు తీసి జేబులో పెట్టాడు. దాంతో డేగకన్ను మూసుకుపోయింది.

"ఎలా ఉన్నాను?"

"నాతో మాట్లాడు. అది కుండ," అన్నాడు పెద్దల్లుడు.

బంట్రోతు అటుగా పోతూ, "కళ్ళజోళ్ళాయనా, గడ్డం ఎడంపక్క ఊడుతోంది," అని చెప్పిపోయాడు.

సభ మొదలైంది. పెద్దల్లుణ్ణి పిలిచి గోడవార నిలబెట్టారు. చిన్నల్లుడు అతని వెనకే దూరి కిటికీ తెర వెనక దాక్కున్నాడు. దాక్కున్నాననుకున్నాడు. నిజానికి అతను తెర ముందు నిలబడ్డాడు. అయిదుగురూ చూశారు. ఏ శాఖకి ఆ శాఖ, ఆ గడ్డం మనిషి ఇంకో శాఖ తాలూకనుకుని ఊరుకుంది.

అధ్యక్షురాలు తల నెరిసిన మనిషి. కళ్ళలో ఆశ ఎప్పుడో ఆరిపోయింది. "వంతెన గేటు. ఎత్తుదామా?" అంది.

"మా పోలీసు శాఖకి అభ్యంతరం లేదండి. కాని గేటుకి తాడు మాత్రమే మాది. గెడ రోడ్ల వాళ్ళది."

"గెడ మాదేనండి. ఎత్తడానికి సిద్ధంగా ఉంది. కాని గెడ చివర బరువుకి కట్టిన రాయి ఏటి గట్టుది. నీళ్ళ శాఖ చెప్పందే రాయి దిగదు. రాయి దిగందే గెడ లేవదు."

"రాయికేం, ఇప్పుడే దింపుతాం," అన్నాడు నీళ్ళ శాఖాయన. "వాళ్ళు తాడు వదిలితే."

"గేటు ఎత్తాక తలకాయలు పగిలితే కుట్లు వెయ్యాల్సింది మేం," అని వైద్య శాఖాయన గొణిగాడు. "దానికి ముందుగా మాకెవరైనా రాసిస్తే..."

అధ్యక్షురాలు కాగితం ముందుకు తోసింది. "అందరికీ అభ్యంతరం లేదన్నమాట. సంతకాలు పెట్టండి."

అందరూ కలం కోసం జేబులు తడుముకుని, కలం తగలగానే చెయ్యి వెనక్కి తీశారు. నీళ్ళ శాఖాయన ఫోను చెవికి పెట్టుకుని, "హలో, హలో... అర్జంటా?" అంటూ లేచాడు. ఆ ఫోను మోగలేదని పెద్దల్లుడు చూశాడు. ఆ పూట కూడా పోయిందని అతనికి అర్థమైంది. గుండెలో రాయి పడింది. ఆ రాయి ఏ శాఖదో అడిగేవాడు లేడు.

అధ్యక్షురాలు కళ్ళు మూసుకుంది. "ఇదిగో, మళ్ళీ కోరం పోతోంది..."

"పోదు!"

కిటికీ పక్కనుంచి గడ్డం దూకింది. దూకడంలో సగం రాలింది.

"ఎవరూ కదలొద్దు! కోరం ఈ గదిలోనే ఉంది!"

"ఉంది," అంది అధ్యక్షురాలు నీరసంగా. "ఆయన గడప దాటేదాకా ఉంటుంది."

"దాటనిస్తానా!" చిన్నల్లుడు తలుపు మీదకి ఉరికాడు. మొదటిసారి అది బీరువా. రెండోసారి తలుపే. లోపలినుంచి తాళం తిప్పాడు. చాలదని ఇంకా తిప్పాడు. తాళంచెవి సగం చేతిలోకి వచ్చింది, సగం తాళంలోనే ఉండిపోయింది.

"ఇప్పుడు పోండి చూద్దాం," అని బల్ల మీది ఫోనులన్నీ, నీళ్ళ శాఖాయన చేతిలోదానితో సహా, ఊడ్చి సంచిలో వేశాడు. "సాక్ష్యాలు! ఇక అందరూ నోళ్ళు తెరవండి!"

"ఎందుకయ్యా?" అన్నాడు పోలీసు శాఖాయన.

"కోరలు నోట్లో కాక ఎక్కడ దాస్తారు? ఊఁ!"

కేక ఎంత గట్టిగా ఉందంటే నలుగురూ నోళ్ళు తెరిచారు. ఆ సంఘంలో నలుగురూ ఒకేసారి నోరు తెరవడం అదే మొదలు. చిన్నల్లుడు వాళ్ళని దాటి మూలనున్న కోటు స్టాండు దగ్గరికి పోయి గుడ్లురిమాడు. "నీకు వేరే చెప్పాలా? తెరువు!"

అధ్యక్షురాలు నెమ్మదిగా కళ్ళు తెరిచింది. మూసిన తలుపు చూసింది. తెరిచిన నోళ్ళు చూసింది. ఆవిడ మొహంలో ఏదో వెలిగింది.

"మనం ఎంతమందిమి ఉన్నాం?"

"అయిదుగురమండి."

"బయటికి పోయే దారుందా?"

"లేదండి."

"అయితే కోరం ఉంది!"

"ఎక్కడ? పట్టుకోండి!" అని చిన్నల్లుడు నాలుగు పక్కలా తడుముకున్నాడు.

"పట్టుకున్నాం నాయనా. నువ్వు కూర్చో." ఆవిడ పెద్దల్లుడి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు."

పెద్దల్లుడికి ఎక్కువ మాటలు రావు. "మా అత్తగారు అవతల ఉండిపోయింది. రేపు కళ్ళ ఆపరేషను. రేపు దాటితే మీ గేటు ఎత్తినా దించినా ఆవిడకొకటే. కనపడదు."

పోలీసు శాఖాయన కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు. "నేను సంతకం పెట్టాక ఏదైనా జరిగితే నన్నడుగుతారు కదయ్యా."

"ఏమీ చెయ్యకపోతే మీకు బాగానే ఉంటుంది. అడిగేవాళ్ళు లేరు. నన్నడిగే మనిషి ఒకతె ఉంది. రోజూ అవతలి ఒడ్డునుంచి అడుగుతుంది."

"ఒక్కడే పెడితే ఒక్కణ్ణే అడుగుతారు," అంది అధ్యక్షురాలు. "అయిదుగురం పెడితే ఎవర్ని అడగాలో తేలేసరికి ఇంకో సంఘం కావాలి."

ఆ మాట శాఖలకి నచ్చింది. ఇంత కాలంలో వాళ్ళకి అర్థమయ్యే భాషలో ఎవరూ చెప్పలేదు.

అప్పుడే తలుపు అవతలినుంచి బంట్రోతు గొంతు. "అమ్మగారూ, ఈ గదికి పక్కగా ఇంకో తలుపుంది, దాని తాళం నా దగ్గరే ఉంది. తియ్యమంటారా?"

నలుగురూ తలుపు వైపు ఆశగా చూశారు.

"సంతకాలయ్యాక," అంది అధ్యక్షురాలు.

కలాలు బయటికొచ్చాయి. నీళ్ళ శాఖాయన అందరికంటే ముందు పెట్టాడు. పొద్దున్నుంచి అతను తాగిన నీళ్ళు అతనికి అర్జంటు చేశాయి. ఈసారి నిజమైన అర్జంటు.

వసారాలోకి వచ్చాక అధ్యక్షురాలు బంట్రోతుతో, "ఇకనుంచి సభ మొదలవగానే తాళం వెయ్యి. ఫోనులు నీ దగ్గర పెట్టు," అంది. అంతకు ముందు ఆ సంఘం తీరు బాగుచెయ్యడానికి నిపుణులు వచ్చి లావుపాటి నివేదికలు రాశారు. ఒక్కదాంట్లోనూ తాళం మాట లేదు.

ఆవిడ తోడల్లుళ్ళ వైపు తిరిగింది. "మీ వల్ల కోరం నిలిచింది. ఏం కావాలో కోరండి."

"మేమేం కోరం," అన్నాడు పెద్దల్లుడు.

చిన్నల్లుడు అతని నోరు మూశాడు. "ష్! ఆ మాట బయట అనకు అన్నయ్యా. ముఠా వాళ్ళు వింటారు."

పొద్దు వాలకముందే పోలీసులు తాడు వదిలారు, గట్టువాళ్ళు రాయి దింపారు, రోడ్లవాళ్ళు చూస్తుండగా గెడ దానంతటదే లేచింది. అత్తగారు చీపురు చేత్తో పట్టుకునే వంతెన దాటింది. తడుముకుంటూ వచ్చి పెద్దల్లుడి భుజం నొక్కి చూసింది.

"ఎముకలు తగులుతున్నాయి. తిన్నానన్నావు."

అతను భుజం వెనక్కి తీసుకున్నాడు.

"పక్కన ఎవరీ పెద్దాయన?"

"నేనే అత్తయ్యా! చిన్నల్లుణ్ణి! నా వల్లే..."

"గడ్డం నీదేనా?"

"ఊరందరిదీ," అన్నాడు పెద్దల్లుడు.

ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పిన రోజున ఆవిడ ముందు కూతుర్ని చూసింది. తర్వాత కూతురి పక్కన గడ్డం లేకుండా నిలబడ్డ చిన్నల్లుణ్ణి తేరిపార చూసింది. "గడ్డమే నయం. పెట్టుకో," అంది.

ఇంటికొచ్చారు. వంటింట్లో గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి. వాటి మీద దుమ్ము ఆవిడకి ఇప్పుడు స్పష్టంగా కనపడింది. చీపురు అందుకుని తిట్టడానికి నోరు తెరిచి, ఎందుకో ఆగింది.

"ఇంతకీ ఆ ఆఫీసులో ఏదో పోయిందన్నావు?"

"కోరం. బంట్రోతుని అడిగాను తర్వాత."

"అంటే ఏమిటి?"

పెద్దల్లుడు గిన్నెలకేసి చూశాడు. "ఉండాల్సినంతమంది ఉండకపోతే పని మొదలవదు. అది. ఈ ఇంటికి ఇద్దరు."

ఆవిడ చీపురు మూలన పెట్టింది. ఒక గిన్నె తీసి చీరచెంగుతో తుడిచింది.

"ఉన్నాంగా ఇద్దరం," అంది. "పొయ్యి వెలిగించు."