దిమ్మె మీద తెల్ల కారు

ఆ రోజు పొద్దున కుర్మయ్య వేసుకున్న పథకంలో ఎక్కడా తొందర లేదు. చాయ తాగి బస్సెక్కి కాటేదాన్ పోవాలి, రంగు వేయించడానికి షెడ్డులో వదిలిన తన తెల్ల కారును తెచ్చుకోవాలి, పదింటికల్లా శంషాబాద్‌లో పాత గోదాముల మలుపు దగ్గర జరిగే సభకు చేరుకోవాలి, శాలువా కప్పించుకోవాలి, ఆ శాలువాతోనే అనుపమ మేడంకు నమస్కారం పెట్టాలి. అంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందో మీరే చెప్పండి.

శాలువా సంగతేమిటంటే, ఊళ్లో వ్యాపారులు కొందరు కలిసి పెట్టుకున్న రహదారి క్షేమ కమిటీ ఆ ఏడాది ‘ప్రమాదం ఎరుగని డ్రైవరు’ అనే సన్మానానికి కుర్మయ్యను ఎంచుకుంది. ఇరవై ఏళ్లకు పైగా ట్యాక్సీ నడిపిన మనిషి ఎవరి బండికీ ఒక్క గీత పెట్టలేదు, తన బండికి పెట్టించుకోలేదు. బండి మీద చేయి వేశాడంటే ఫోన్ స్విచ్ఛాఫ్ చేస్తాడు. ఎర్రలైటు పడితే రోడ్డు మీద పురుగు లేకపోయినా ఆగుతాడు. ముల్లు నలభై దాటనివ్వడు. అందరూ కారు వెనకద్దం మీద దేవుడి పేరో, పిల్లల పేర్లో రాయించుకుంటే ఇతగాడు ‘తొందరేముంది’ అని రాయించుకున్నాడు. విమానం అందుకోవాలని ఉరుకులు పరుగులు పెట్టేవాళ్లు ఆ అక్షరాలు చదివి పక్క ట్యాక్సీ ఎక్కిన రోజులున్నాయి. అయినా అద్దం మార్చలేదు.

ఇక అనుపమ మేడం. విమానాశ్రయం దారిలో కొత్తగా తెరిచిన హోటల్‌కు మేనేజరు. అతిథులను తెచ్చే వ్యానుకు నెలజీతం మీద డ్రైవరు కావాలంది. కుర్మయ్యకు ఆ ఉద్యోగం కావాలి. కావాలంటే మామూలుగా కాదు, ప్రాణం పెట్టి కావాలి. ట్యాక్సీల వరసలో తన వంతు కోసం ముందు సీట్లోనే ముడుచుకుని నిద్రపోయి నిద్రపోయి నడుము విల్లులా తయారైంది. కూతురు శోభ ఇంటర్‌కు వచ్చింది, ఆ పిల్ల మెలకువగా ఉన్న వేళ తండ్రి ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. మేడం చెప్పిన మాట అతనికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “సభకు నేనూ వస్తున్నానండీ. మీ సన్మానం చూసి, మీ కారు ఎంత బాగా ఉంచుకున్నారో కూడా చూసి, అక్కడే ఖాయం చేసేద్దాం.”

కారు చూస్తానన్నందుకే రంగు వేయించాడు. అసలు తంటా అంతా ఆ రంగుతోనే మొదలైంది.

కాటేదాన్‌లో షెడ్డు యజమాని మల్లేశ్వర్ కుర్మయ్యను చూసి నవ్వుతూ మూలకు తీసుకుపోయాడు. మూలలో ఒక తెల్ల కారు ఉంది. ముందు భాగం అప్పడంలా అణిగిపోయి, స్టీరింగు వెనక సీటు దాకా వచ్చిన కారు. కుర్మయ్య దాన్ని కాసేపు చూసి, ఇది నాది కాదన్నాడు. మల్లేశ్వర్ కూడా కాసేపు చూసి, అవును, నీది కాదన్నాడు. తర్వాత ఇద్దరూ షెడ్డంతా వెతికారు.

సంగతి వాచ్‌మన్ చెప్పాడు. కమిటీ వాళ్ల క్రేను తెల్లారకముందే వచ్చింది. జనం చూసి భయపడేలా మలుపు దగ్గర సిమెంటు దిమ్మె మీద పెట్టడానికి, గుద్దుకున్న కారు ఒకటి ఇస్తానని మల్లేశ్వరే మాటిచ్చి ఉన్నాడు. ‘తెల్ల కారు’ అన్నారు, వాచ్‌మన్ వాకిట్లో ఉన్న తెల్ల కారును చూపించాడు. పనివాళ్లు రంగు చెప్పిన వేళకు ముగించక, బానెట్టు, బంపరు, ముందు తలుపులు ఊడదీసి, ఒంటి నిండా లప్పం పూసి ఉన్న కారును చూసి క్రేను డ్రైవరుకూ అనుమానం రాలేదు.

“పానమంత అందులనే పెట్టుకున్ననే మల్లేశన్నా,” అన్నాడు కుర్మయ్య. తిట్టలేదు. తిట్టడం కూడా ఒకరకంగా తొందరపాటేనని అతని నమ్మకం. కమిటీ అధ్యక్షుడు రాజశేఖర్‌కు ఫోన్ చేశాడు. టైల్స్ దుకాణం రాజశేఖర్ అప్పటికే మైకు పరీక్షలో మునిగి ఉన్నాడు, ఎత్తలేదు. పోనీ, తానే పోయి, సభలో దిమ్మె మీది కారుకు కప్పిన ముసుగు తీయకముందే దాన్ని దింపించాలని నిశ్చయించుకుని మల్లేశ్వర్ స్కూటర్ అడిగాడు. స్కూటర్ దొరికింది గానీ హెల్మెట్ దొరకలేదు. హెల్మెట్ లేకుండా పోనని కుర్మయ్య కదల్లేదు. చివరికి షెడ్డు అరుగు మీద నట్లూ బోల్టులూ పోసిపెట్టిన గిన్నె, గిన్నె కాదు, వెల్లకిలా పెట్టిన హెల్మెటే అని తేలింది. నట్లు ఒంపి, గ్రీజు తుడిచి, తలకు పెట్టుకుని, ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి, బండి తీశాడు.

ఆ వేళకు మలుపు దగ్గర ఏం జరిగిందో అతనికి తర్వాత భార్య చంద్రమ్మ చెప్తేనే తెలిసింది. మనం ముందే తెలుసుకుందాం, పోయేదేముంది.

సభ దగ్గర రెండు ఫ్లెక్సీలు కట్టారు. ఒకదాని మీద ఆ మలుపులో ఏడాదికి ఎంతమంది పోయారో స్తంభాలు గీయించాడు రాజశేఖర్. ఏటికేడు స్తంభం పొడుగు పెరుగుతూ వచ్చింది. మొన్న మొన్న మొదలైన కొత్త సంవత్సరానికి మాత్రం స్తంభం లేదు, పెద్ద సున్నా ఉంది. ఆ సున్నాను డిసెంబరు దాకా చెక్కుచెదరకుండా కాపాడతానని అతను పంతం పట్టాడు. రెండో ఫ్లెక్సీ మీద కుర్మయ్య నిలువెత్తు ఫొటో ఉంది. దాన్ని సరిగ్గా దిమ్మె వెనకే కట్టారు.

అక్కడితో ఆగినా బాగుండేది. చంద్రమ్మ తమ్ముడు బాలమల్లు, తానూ ట్యాక్సీ నడిపేవాడే, తెల్లారి విమానాశ్రయం పోతూ ఆ ఫొటోను చూశాడు. బావ ముఖం బోసిగా ఉందనిపించింది. నాయకుల ఫ్లెక్సీలకు వేయగా లేనిది మా బావకు వేస్తే ఏమని, ఇంత లావు బంతిపూల దండ కొని ఫొటోకు తొడిగి, తన దారిన తాను పోయాడు.

రాజశేఖర్ పద్ధతి గల మనిషి. కారు చూస్తే భయం సరిపోలేదని ముందు అద్దం పగలగొట్టించి, గడపలకు పూసే ఎర్ర జాజు నీళ్లలో కలిపి సీట్ల మీద చల్లించాడు. పదింటికి ముసుగు లాగారు. జనం ముందు నెత్తుటి కారును చూశారు. తర్వాత వెనకద్దం మీద ‘తొందరేముంది’ చూశారు. ఆ పైన దండ వేసిన ఫొటో చూశారు. ఇంక ఎవరికీ ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

రాజశేఖర్ మొదట నమ్మలేదు. క్రేను డ్రైవరును పిలిచి అడిగితే, కారు మొన్ననే షెడ్డుకు వచ్చిందన్నాడు. కుర్మయ్యకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. బాలమల్లుకు చేస్తే, వాడు హైవే మీద ఎనభైలో పోతూ కూడా ఎత్తాడు, మీ బావకు యాక్సిడెంటటగా అని అడగగానే బావురుమన్నాడు. బామ్మర్ది ఏడ్చాక సాక్ష్యం ఇంకేం కావాలి?

చంద్రమ్మను పిలుచుకురావడానికి ఆడవాళ్లు పోయారు. ఎవరికీ ఆ మాట నోట రాలేదు. మనసు గట్టి చేసుకో అక్కా, మీటింగుకు రా, అన్నారు. సన్మానానికి మనసు గట్టి చేసుకోవడమేమిటో ఆమెకు అర్థం కాలేదు గానీ, పట్టుచీర కట్టుకుని వచ్చి ముందు వరస కుర్చీలో కూర్చుంది. ఫోన్ ఇంట్లోనే మరిచిపోయింది. దిమ్మె మీద తమ కారును, దండలో మొగుణ్ని, అటూ ఇటూ తన చేతులు పట్టుకుని ముక్కులు చీదుతున్నవాళ్లను చూశాక అప్పుడు సంగతి తెలిసింది.

“ఆయనకేం కాలే. పొద్దుగాల చాయ తాగి పోయిండు,” అంది. “బండి మీద ఉన్నడు గావచ్చు. బండి మీదుంటే ఫోన్ ఎత్తడు.”

ఆమె ఎంత నిదానంగా చెప్పిందో వాళ్లు అంత గట్టిగా ఏడ్చారు. పాపం, మతి తప్పిందనుకున్నారు. రాజశేఖర్ మైకు అందుకున్నాడు. ఈ ఊరు తన సున్నాను ఈ మహానుభావుడి చేతిలోనే పోగొట్టుకుందని చెప్పి, చెరగని మార్కరు తీసుకుని, ఫ్లెక్సీ మీద సున్నా కొట్టేసి ‘ఒకటి’ రాశాడు.

సరిగ్గా ఆ వేళకే కుర్మయ్య అవతలి రోడ్డు మీదికి చేరుకున్నాడు.

మధ్యలో రెయిలింగు ఉన్న డివైడరు. దాని అవతల దిమ్మె, దిమ్మె మీద నెత్తురోడుతున్న తన కారు, కారు వెనక దండతో తాను. కుర్మయ్య బండి పక్కకు ఆపి రెండు చేతులూ ఊపాడు, కేకలు వేశాడు. లారీల మోతలో తన కేక తనకే వినబడలేదు. ఫోన్ ఆన్ చేశాడు, అది తన బొమ్మలూ రంగులూ చూపిస్తూ మెల్లగా మేల్కొంటోంది. అప్పుడే బాలమల్లు కారు ఎదురుదారిలో హారను మోగించుకుంటూ వచ్చి సభ ముందు ఆగడం కనిపించింది. వాడు దిగి అక్క కాళ్ల దగ్గర కూలబడ్డాడు. అనుపమ మేడం వాడి దగ్గరికి పోయి, వంగి, భుజం మీద చేయి వేసి ఏదో చెప్పింది. ఆ తర్వాత వెళ్లిపోవడానికి, తాను వచ్చిన కారు వైపు రెండడుగులు వేసింది.

ఆమె పోతే ఉద్యోగం పోయినట్టే. యూటర్ను ఎక్కడో దూరాన, సర్వీసు రోడ్డు చివర ఉంది. పక్కన ఒక ఆటో ఆగింది.

“గీ సందుల నుంచి రాంగ్ రూట్ల గొట్టు అన్నా, అందరు గట్లనే పోతుండ్రు,” అన్నాడు ఆటోవాలా. “ఎవరో మంచి డ్రైవరు పోయిండట.”

“ఎవరట?” అన్నాడు కుర్మయ్య హెల్మెట్ లోపలి నుంచి.

“కుర్మయ్యనట. ఇరవై ఏండ్లల్ల ఒక్క యాక్సిడెంట్ చేయలేదట, పాపం. జల్ది పో, ఇగ అయిపోతది.”

డివైడరులో రెయిలింగు ఊడిపోయిన ఆ ఖాళీ సందు వైపు కుర్మయ్య చూశాడు. పది బార్లు కూడా ఉండదు. అందులోంచే ఒక కుటుంబం మొత్తం ఒకే స్కూటరు మీద, హెల్మెట్లు లేకుండా, తన చావుకు ఏడవడానికి పోతోంది. ఇరవై ఏళ్లు పట్టి ఉంచిన పట్టు ఒక్క పది బార్లలో వదిలేయాలి. వదిలేస్తే ఉద్యోగం దొరుకుతుంది, నడుము బాగుపడుతుంది, శోభతో కూర్చుని రాత్రిపూట అన్నం తినొచ్చు. అడిగేవాడు లేడు, చూసేవాడు లేడు. చచ్చినవాడికి చలానా కూడా పడదు.

“నేను సచ్చినా రాంగ్ రూట్ల పోను,” అని ఆటోవాలాకు చెప్పి, అప్పటికి మేల్కొన్న ఫోన్‌లో రాజశేఖర్‌కు చేసి, అతను ఎత్తకపోతే దాన్ని మళ్లీ ఆపేసి, కుడి వైపు ఇండికేటరు వేసి, యూటర్ను దారి పట్టాడు.

యూటర్ను దగ్గర గోదాములకు పోయే కంటైనర్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి వెనక తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు. ఆ కాసేపట్లో అతనికి తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది. ఇంత మొండితనం దేనికిరా, దీంతో ఏం సాధించావురా అని తిట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వంతు రాగానే రెండు వైపులా చూసి, మెల్లగా తిరిగి, నలభై దాటకుండానే వచ్చాడు.

అతను చేరుకునేసరికి సభంతా లేచి నిలబడి ఉంది. కళ్లు మూసుకుని మౌనం పాటిస్తున్నారు. అంతమంది మౌనంగా ఉండగా మధ్యలో మాట్లాడటం మర్యాద కాదనిపించి, కుర్మయ్య హెల్మెట్ తీసి చేత పట్టుకుని, చివరి వరసలో తల వంచి తానూ నిలబడ్డాడు. నుదుటి నిండా గ్రీజు.

కళ్లు తెరిచి ఉన్నది చంద్రమ్మ ఒక్కతే. అతనికి కప్పాల్సిన శాలువాను ఆమె భుజం మీద కప్పారు. వెనక్కి తిరిగి చూసింది.

“వచ్చినవా?” అంది. “ఎంతసేపాయె. జర వీళ్లకు చెప్పు.”

ఎవరి కళ్లు ముందు తెరుచుకున్నాయో తెలియదు గానీ కుర్చీలు దబదబా పడ్డాయి. రాజశేఖర్ చేతిలో మైకు జారి కీచుమంది. బాలమల్లు బావను వాటేసుకుని, ముఖమంతా తడిమి చూసి, మరింత ఏడ్చాడు. ఆ ఏడుపులో రెండు రకాలున్నాయని కుర్మయ్యకు కాసేపటికి తెలిసింది. మీ బావగారి పేరు నిలబెట్టమని మేడం ఆ వ్యాను ఉద్యోగం అప్పుడే బాలమల్లుకు ఇచ్చేసింది.

“నువ్వు బతికినందుకు సంతోషమే బావా,” అన్నాడు బాలమల్లు ముక్కు తుడుచుకుంటూ. “ఇంకో గడియ ఆగి వస్తే ఏం పోయేది?”

మేడం ఇంకా పోలేదు. కారు తలుపు పట్టుకుని నిలబడి కుర్మయ్యను, అతని చేతిలోని హెల్మెట్‌ను మార్చి మార్చి చూస్తోంది. కుర్మయ్య కారు సంగతి, రంగు సంగతి చెప్పబోయాడు. అంతలో ఆమే మాట్లాడింది.

“అవతలి రోడ్డు మీద చేతులూపింది మీరేనా అండీ? ఎవరో అనుకున్నాను. ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది ఎదురుదారిలోనే వచ్చారు. మీరొక్కరే అక్కడ ఆగి, ఇండికేటరు వేసి వెళ్లిపోయారు. తిరిగి ఇటే వస్తారా అని, చూడ్డానికే ఆగానండీ.” బాలమల్లు వైపు తిరిగింది. “మీరేమీ అనుకోకండి.”

బాలమల్లు అనుకున్నాడు. కానీ అక్క చూస్తోందని పైకి అనలేదు.

సాయంత్రానికి క్రేను వచ్చి కుర్మయ్య కారును దింపి, అసలు కారును దిమ్మె ఎక్కించింది. చంద్రమ్మ దండ తీసి అవతల పారేసింది. ఫ్లెక్సీ మాత్రం ఉండనివ్వమంది, దాన్ని చూసైనా బండ్లు మెల్లగా పోతున్నాయని. నిజంగానే పోతున్నాయి. ఫొటోలో చచ్చిపోయినాయన హోటల్ వ్యాను నడుపుతూ పక్కనుంచి పోతుంటే ఎంత దూకుడు మనిషైనా బ్రేకు మీద కాలు వేయక ఏం చేస్తాడు? కుర్మయ్య ఒక్కటే అడిగాడు, ఆ ‘ఒకటి’ కొట్టేయమని. రాజశేఖర్ పెట్రోలుతో రుద్దించాడు, సున్నపు నీళ్లతో రుద్దించాడు, అది పోలేదు.

ఏడాది తిరిగింది. రాజశేఖర్ పంతం నెగ్గీ నెగ్గనట్టయింది, మలుపు లెక్క ఆ ఒకటి దగ్గరే ఆగిపోయింది. ఆ పోయిన ఒక్కడూ రోజూ రాత్రి ఏడింటికల్లా ఇంటికొచ్చి కూతురితో అన్నం తింటున్నాడు.