ముప్పై సెకన్ల మౌనసంగ్రామము

ప్రచండ మార్తాండ కిరణధాటికి పరదాలు సైతము వెలవెలబోవు ఒకానొక ఆదివారపు మధ్యాహ్నమున, మూడవ అంతస్తునందలి రెండు గదుల ఇంట, ఇరుగుపొరుగులెల్ల భోజనానంతర నిద్రాసముద్రమున మునిగియున్న తరుణమున, ఒక మహాసంగ్రామము సంభవించెను. అందు నెత్తురు చుక్కయైనను చిందలేదు. కాఫీ మాత్రము కొంచెము ఒలికెను.

కారణము వినుడు. నిర్మాతయనువాడు గడప తొక్కని స్వతంత్ర చలనచిత్ర సామ్రాజ్యమునకు ఏకైక మహారాణి, మన దర్శకురాలు. తండ్రి పోయిన పిదప ఎనిమిది మాసములు కలము ముట్టక, గోడవంక చూచుచు కూర్చుండి, తుదకు ఆ తండ్రిమీదనే, ముదిమిలో మతిమరుపుతో ఇల్లంతయు నవ్వించి ఏడిపించిన ఆ మహానుభావునిమీదనే, చిత్రమొకటి తీసెను. సర్వము ముగిసెను. ఆయన ఖాళీ కుర్చీ కనబడు కడపటి దృశ్యమునకు, ఆ కుర్చీయున్న ఈ ఇంటి గది నిశ్శబ్దమును ముప్పై సెకన్లు మైకున పట్టవలెను. ఏ గది నిశ్శబ్దము ఆ గదిదే, అరువు దొరకదు. అది లేనిచో ఆ దృశ్యము లేదు, ఆమె దుఃఖమునకు ఒడ్డు లేదు. శబ్దగ్రాహకుడో, నాలుగింటికి వేరొక పనికి పోవలెను. అప్పటికి మూడున్నర.

శత్రువెవరందురా? కన్నతల్లి! భర్త పోయిన నాటినుండి ఆ ఇల్లాలు నోరు మూసినది లేదు. ఇల్లు ఊరకుండినచో ఆయన లేడను మాట వినబడునని ఆమె భయము. కూతురికి అది తెలియును. పైకి అనుటకు నోరు రాదు.

కర్ణకవచధారియు, దీర్ఘదండాగ్ర మైకు విరాజితుడునగు శబ్దగ్రాహకుడు మున్ముందుగా గుర్రుమను ఫ్రిజ్జు గొంతు నొక్కెను. పోవునప్పుడు మరల దానిని ఆన్ చేయుట మరువకుండుటకై, తన వృత్తివారి ఆచారము చొప్పున, బండి తాళములను అందే ఉంచెను.

"అమ్మా, ఒక్క అరనిమిషం మాట్లాడకండి."

"సరే నాయనా, నేనేమన్నా చిన్నపిల్లనా?"

ప్రథమ యుద్ధము. పదకొండవ సెకను: "ఆ గ్యాసు కట్టేశానంటావా?"

ద్వితీయ యుద్ధము. పంతొమ్మిదవ సెకను, తల్లి చేతి కాఫీ కొంచెమొలికి: "నేనేం మాట్లాడట్లేదు, మీరు కానివ్వండి."

'ఓ జననీ! నవమాసములు మోసిన నీవు అరనిమిషము మోయలేవా?' అని దర్శకురాలి హృదయకుహరమున భీషణోపన్యాసము మ్రోగెను. బయటికి వచ్చినది ఇంతే: "అమ్మా... ప్లీజ్."

తల్లి మూతి ముడుచుకొని మంచినీళ్ళకు ఫ్రిజ్జు తెరచెను. తెరచి కొయ్యబారెను. పాలగిన్నె ప్రక్కన తాళములు!

"ఇవెవరివి?"

"నావేనమ్మా. గుర్తుండాలని నేనే పెట్టా."

"గుర్తుండటానికా!" ఆమె పకపక నవ్వెను. అన్నాళ్ళు అణగియున్న నవ్వు ఒక్కుమ్మడి వచ్చెను. నవ్వలేక నవ్వలేక, ఎవ్వరును తాకని ఆ ఖాళీ కుర్చీలోనే చతికిలబడెను. "మీ నాన్న కళ్ళజోడు ఫ్రిజ్జులోనే పెట్టేవారు కదే! ఎన్ని తిట్లు తిట్టానో. పాపం, ఆయనా గుర్తుండాలనే పెట్టుకున్నారేమోనే."

తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకొనెను.

"కానివ్వండి. ఈసారి మాట్లాడను."

తృతీయ యుద్ధము. పది. ఇరువది. ముప్పది! ఐనను ఎవ్వరును 'చాలు' అనలేదు. ఆమె కుర్చీ చేతులు నిమురుచు రెండు నిమిషములు పలుకకుండెను. శబ్దగ్రాహకుడు ఊపిరి బిగబట్టి వినుచుండెను.

"అయిందా?" అనెను తల్లి మెల్లగా. "ఏం కాలేదే. నేనింకా ఏదో అయిపోతుందనుకున్నా."

నాలుగింటికి పరుగున దిగిన శబ్దగ్రాహకుడు తాళములు లేక పరుగున మరల ఎక్కివచ్చెను. ఫ్రిజ్జు తిరిగి గుర్రుమనెను. దిక్కులు దద్దరిల్ల చాటుచున్నాను, వినుడు: మౌనము చిక్కెను! పాలు విరుగలేదు!