జీడిపప్పుకీ నాపరాయికీ చుట్టరికం

మనిషికి చుట్టాలుండటం నేరమని ఇంతవరకూ ఏ ధర్మశాస్త్రమూ చెప్పలేదు. ఆ లోటును 2004 అక్టోబరులో ఒక సెర్చ్ ఇంజన్ వారు తీర్చారు. ఎవరినడిగి తీర్చారో తెలియదు. వారు చెప్పరు. చెబితే మనం బాగుపడిపోతామని వారి భయం.

అప్పటికి వేటపాలెంలో జీడిపప్పు షెడ్డు నడిపే మా వెంకటనారాయణకు ఒక వెబ్‌సైటు ఉండేది. చీరాలలో ఇంటర్నెట్ సెంటరు నడిపే సాల్మన్ దాన్ని తయారుచేశాడు. అందులో ఇంగ్లీషు రాసిపెట్టిన పాపం నాది. మొత్తం నాలుగు పేజీలు. మొదటి పేజీలో గుండు పప్పు, రెండో పేజీలో బద్ద పప్పు, మూడో పేజీలో ఫోన్ నంబరు. నాలుగోది లింకుల పేజీ, అంటే మన సైటుకొచ్చినవాళ్ళకు ఇంకొకరి సైటుకు దారి చూపించేది. ఎంతమంది మనవైపు దారి చూపిస్తే సెర్చ్ ఇంజన్ దగ్గర మనకంత పరపతి అని సాల్మన్ చెప్పాడు.

ఆ ముక్క చాలు వెంకటనారాయణకి. లింకుల పేజీని అచ్చం శుభలేఖ వేయించినట్టే వేయించాడు. పైన మేనమామ గారి గుంటూరు మిర్చి కొట్టు, తర్వాత బావ యలమంద గారి దాచేపల్లి నాపరాళ్ళ వ్యాపారం, కింద తోడల్లుడి ట్రాక్టరు సామాన్లు, వియ్యంకుడి టైపు ఇన్‌స్టిట్యూటు. (మేనమామ ముందా, బావ ముందా అన్నదాని మీద వారం రోజులు చర్చ జరిగింది. రాష్ట్ర బడ్జెట్ మీద అంత జరగదు.) సైటు లేని చుట్టాలు అలిగితే, వాళ్ళకీ తలా ఒకటి చేయించాడు. వాళ్ళు ఊరుకుంటారా? మర్యాద తెలిసిన మనుషులు. ఇరవై ఏడు సైట్లూ తిరిగి ఇతనికి లింకిచ్చాయి.

దెబ్బకి జీడిపప్పు అని కొడితే మొదటి పేజీలో మూడో పేరు మనవాడిదే. సూరత్ నుంచీ బొంబాయి నుంచీ ఆర్డర్లు. షెడ్డులో పద్నాలుగు మంది ఆడవాళ్ళకు వారంలో ఆరు రోజులూ పని. వాళ్ళలో పెద్దది ఎలీసమ్మ. ఇరవై ఏళ్ళుగా జీడిగింజలు కొట్టీ కొట్టీ వేళ్ళు నల్లబడిపోయిన మనిషి. వారమంతా పనుందన్న ధైర్యంతోనే ఆ ఏడాది కూతుర్ని నర్సింగులో చేర్పించింది.

దీపావళికి సరిగ్గా నెల ముందు సైటు పదకొండో పేజీకి పోయింది. పదకొండో పేజీ దాకా వెళ్ళిన మనిషిని మా ప్రాంతంలో ఎవరూ చూడలేదు. ఆర్డర్లు ఆగిపోయాయి. ఆరు రోజుల పని మూడు రోజులైంది.

"ఏందయ్యా, పని తగ్గించారు?" అని అడిగింది ఎలీసమ్మ.

"సైటు పడిపోయిందమ్మా."

"ఎక్కడ పడింది? పద్నాలుగు మందిమి ఉన్నాంగా, వచ్చి లేపుతాం. పిల్ల చదువు మధ్యలో ఉందయ్యా."

వెంకటనారాయణ నన్ను వెంటేసుకుని చీరాల వెళ్ళాడు. సాల్మన్ తల గోక్కున్నాడు.

"కొత్త రూలొచ్చిందండి. మీరు వాళ్ళకీ, వాళ్ళు మీకూ లింకులిచ్చుకుంటే దొంగ లింకుల కిందే లెక్కంట. జీడిపప్పుకీ నాపరాళ్ళకీ సంబంధమేంటి అంటదండి."

"సంబంధమేందా? మా అక్కనిచ్చామయ్యా!"

"ఆ సంగతి సెర్చ్ ఇంజన్ రోబోకి తెలీదు కదండీ."

"తెలీకపోతే అడగాలిగా!"

ఆ రోబో వారు స్వయంగా సైట్లన్నీ తనిఖీ చేస్తారట. ఎప్పుడొస్తారో ఎప్పుడు పోతారో తెలియదు. టీ తాగరు. పొట్లం కట్టిచ్చినా తీసుకోరు. జీడిపప్పు పొట్లం తీసుకోని తనిఖీ అధికారిని వేటపాలెం అంతవరకూ ఎరగదు. అలాంటివాడితో వ్యవహారం ఎలా నడపాలో మా పెద్దలెవరూ మాకు నేర్పలేదు.

సరే, అప్పీలు చేద్దామన్నాడు వెంకటనారాయణ. యలమంద గారు సదరు వెంకటనారాయణకు స్వయానా అక్క మొగుడని సర్పంచి చేత రాయించి, గుండ్రటి సీలు వేయించి, అక్క పెళ్ళి ఫోటో జతచేసి స్కాన్ చేయించి పంపాం. ఒక్క సెకనులో జవాబొచ్చింది. 'మీ అభిప్రాయం మాకెంతో విలువైనది' అని. మన ఆఫీసుల్లో అయితే ఫైలు పోగొట్టడానికైనా నెల పడుతుంది. ఆ నెలంతా మనిషికి ఆశ అన్నా మిగిలేది.

ఇక మిగిలింది ఒకటే దారి. ఇరవై ఏడు చుట్టరికాలూ తెంపాలి. ఒకవైపు తెంపితే చాలదు, వాళ్ళ చేత కూడా తెంపించాలి. (నిబంధనల్లో దీన్ని శుభ్రత అంటారు.) సాల్మన్ లింకుల పేజీ మొత్తం ఎత్తేశాడు. మూడో రోజు పొద్దున్నే యలమంద మోటారుసైకిలు షెడ్డు ముందు ఆగింది.

"ఏరా, నా పేరు పీకేశావంట?"

"నేను కాదు బావా, ఆ సెర్చ్ ఇంజనోళ్ళు..."

"ఎవడాడు? మన ఇంటి విషయంలో ఆడెవడు చెప్పడానికి? మా పెళ్ళప్పుడు ఉన్నాడా? మీ నాన్న పోతే పాడె మోశాడా?"

"బావా, పద్నాలుగు మంది కూలీల పొట్ట..."

"నాపరాళ్ళు కొట్టేవాళ్ళకి పొట్టల్లేవా?"

సాయంత్రం అక్క సుబ్బరావమ్మ ఫోన్ చేసింది. ఆవిడ కేకలేయలేదు. "తమ్ముడూ, కంప్యూటర్‌లో కాదన్నావు సరే. ఊళ్ళో అన్నా అక్కనేనా?" అనడిగి పెట్టేసింది. వెంకటనారాయణ ఆ రిసీవరు పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. నాకు ఆ సెర్చ్ ఇంజన్‌ని పెట్టినవాడెవడో కనిపిస్తే చెంప పగలగొట్టాలనిపించింది. కనిపించడు కదా, అదే వాడి ధైర్యం.

చుట్టాలందరినీ వదులుకున్న రెండు నెలలకు ఫలితం వచ్చింది. పదకొండో పేజీ నుంచి తొమ్మిదో పేజీకి ఎగబాకాం. సాల్మన్ అభినందించాడు.

మరి మొదటి స్థానంలో ఎవరున్నారా అని చూశాం. ఎక్కడిదో ఒక కొత్త సైటు. దానికి షెడ్డు లేదు, బట్టీ లేదు, ఒక్క జీడిగింజ లేదు. లోపల ఉన్న ఇంగ్లీషు మాత్రం నాదే, తప్పులతో సహా గుర్తుపట్టాను. ఆ సైటు ఎవరికీ లింకివ్వలేదు, ఎవరి పెళ్ళికీ వెళ్ళలేదు. సెర్చ్ ఇంజన్ వారు కోరే యోగ్యతలన్నీ నిండుగా ఉన్నాయి.

సంక్రాంతి వెళ్ళాక ఆ సైటువాడే ఫోన్ చేశాడు. ఆర్డర్లు కుప్పలుగా వస్తున్నాయట, సరుకు మాత్రం లేదట, అది మనం పంపాలట. డబ్బాల మీద మన పేరు ఉండకూడదు, రేటు వాడు చెప్పిందే. మర్నాడు వెంకటనారాయణ ఒప్పుకున్నాడు. ఆ రేటుకి ఎనిమిది మందినే పెట్టుకోగలడు, వేళ్ళు చురుగ్గా ఆడేవాళ్ళని. ఎలీసమ్మకు యాభై దాటాయి. ఆవిడ ఇంట్లో కూర్చుంది. నర్సింగు మధ్యలో వదిలేసి వచ్చిన కూతురు షెడ్డులో ఆవిడ పీట మీద కూర్చుని పప్పుకి పొట్టు తీస్తోంది.

ఈ మధ్య సెర్చ్ ఇంజన్ వారు ఒక ప్రకటన విడుదల చేశారు. తాము చేసిన మార్పు వల్ల వెతికేవారికి ఎంతో మేలు జరిగిందనీ, నష్టపోయిన సైట్లు అతి స్వల్పమనీ దాని సారాంశం. సాల్మన్ చేత రెండుసార్లు చదివించుకుని విన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. ఎలీసమ్మకు సైటు లేదు కాబట్టి, నిబంధనల ప్రకారం ఆవిడకు నష్టమేమీ జరగలేదు.