పిజ్జా పరాభవము, సర్వప్ప పట్టాభిషేకము

మానేరు అడుగంటి ఇసుక తిన్నెలు బయటపడగా, వైశాఖ మార్తాండుడు పొద్దున పది దాటకమునుపే తన ప్రతాపమంతయు కరీంనగర పురవీథులపై కుమ్మరించుచుండగా, కుక్కలు సైతము ఆగి ఉన్న ఆటోల నీడను వెదకుకొనుచుండగా, ఒకానొక శిక్షణా భవనపు రెండవ అంతస్తున, నీళ్లు లేని కూలరు గాలికి బదులు గర్జన మాత్రమే ప్రసాదించుచుండగా, ఏ వీరనారి ఏ మహాశత్రువును నేల కరిపించెనో, ఆ గాథ వినిపించెదను. చదువుల తల్లీ, నా కలమునకు కాస్త చల్లదనము ప్రసాదింపుము. పాఠకులారా, పల్లీలేవైన ఉన్నచో దగ్గర పెట్టుకొనుడు.

ఆ వీరనారి పేరు జమున. చొప్పదండి దాపున ఒక బడిలో గణితోపాధ్యాయిని. సుద్దముక్క ఆమె ఖడ్గము, కొంగున అంటిన సుద్దపొడి ఆమె విభూతి. ఆమె శత్రువు పిజ్జా. అవును, ఆ పిజ్జాయే! ఆరు, ఏడు తరగతుల గణిత పాఠ్యక్రమమున వృత్త వైశాల్యమను దుర్గమును ఆక్రమించి, బొమ్మగా ఒకచోట, ఉదాహరణగా ఇంకొకచోట, పరీక్షలో ప్రశ్నగా మరియొకచోట తిష్ఠ వేసిన గోధుమపిండి రాక్షసుడు వాడే.

వానితో ఆమెకు వైరము ఊరికే కలుగలేదు. ఏంజెల్ అను ఆరవ తరగతి పిల్లకు పిజ్జా అననేమో తెలియకపోగా, "మన సర్వప్ప తీరు గుండ్రంగ ఉంటది బిడ్డా" అని జమునయే చెప్పినది. సర్వప్ప ఎరుగని వారెవరైన ఉన్నచో వినుడు: బియ్యపు పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, కరివేపాకు కలిపి, గిన్నె అడుగున గుండ్రముగా అద్ది, నూనె దిగుటకు వేలితో అక్కడక్కడ బొక్కలు పొడిచి, ఎర్రగా కాల్చు దివ్యాహారము. పరీక్షలో పిజ్జా వైశాల్యము అడిగిరి. ఏంజెల్ వృత్త వైశాల్యము తప్పులేకుండ కట్టి, అంతటితో ఆగక, తమ అవ్వ పొడుచు బొక్కల వైశాల్యమును కూడ కట్టి, దానిని ఇందులోనుండి తీసివేసినది. వేరే బడినుండి దిద్ద వచ్చిన పరీక్షకుడు నిండు సున్న చుట్టెను.

"బొక్కలకాడ పిండి ఉండది గద టీచర్? మరి నాది తప్పెట్లయింది?" అని ఏంజెల్ అడిగినది. ఆనాటి నుండి ఆ పిల్ల లెక్కల పీరియడులో చెయ్యి ఎత్తుట మానినది. అంతకుముందు ప్రశ్న పూర్తి కాకమునుపే లేచు చెయ్యి అది. ఆ ఎత్తని చెయ్యిని చూచినప్పుడెల్ల జమునకు గుండె కలుక్కుమనెడిది. అందుకే ఆమె పాఠ్యక్రమ సంఘములో చేరినది. పిజ్జాను దింపి సర్వప్పను నిలుపక మడమ త్రిప్పనని ప్రతిన పూనినది.

ఆ సంఘము పని ఏమనగా, బడి మొదలు ఇంటర్ వరకు అన్ని పాఠ్యాంశములలోను మన నేల ఉదాహరణలు చొప్పించుట. నియమము ఒక్కటే: ఒక వస్తువు ఒక్క పాఠ్యాంశములోనే కనబడవలెను. ఆ వేళ సంఘాధ్యక్షుడు కరుణాకర్ ముసాయిదాలను ఒక్కొక్కటిగా తెరచెను. తెరచినకొలది ఆయన కనుబొమలు నడినెత్తికి ఎగబ్రాకెను.

"ఇదేంది? భౌతికశాస్త్రంల సర్వప్ప. జీవశాస్త్రంల సర్వప్ప. తెలుగుల సర్వప్ప. లెక్కలల్ల సర్వప్ప. గిది పాఠ్యక్రమమా, పోశవ్వ హోటలా?"

తప్పు భవనము కింద హోటలు నడుపు పోశవ్వదే. గత సమావేశమున చాయతో పాటు ఆమె పంపిన వేడివేడి సర్వప్పను నమలుచు, ప్రతి పండితుడును తనకొక్కనికే మెరుపువంటి ఊహ తట్టినదని మురిసి, పక్కవానికి పొక్కనీయక ఇంటికి పోయి వ్రాసికొని వచ్చెను. ఒకే గిన్నెలోనిది తిన్నవారికి ఒకే ఆలోచన రాక ఏమి వచ్చును?

అంతట పెద్దపల్లి వీరుడు, భౌతికశాస్త్ర ధురంధరుడు వెస్లీ కుర్చీ కిర్రుమన లేచి గర్జించెను: "అడుగున వేడి తాకుతది, బొక్కలల్లకెళ్లి నూనె దిగుతది, మీదికెళ్లి ఆవిరి పోతది. ఉష్ణ ప్రసరణంత గా ఒక్క గిన్నెల ఉన్నది సార్! దాన్ని గుంజుకుంటే నేనేం చెప్పాలె, నా తలకాయనా?"

"జర ఆగుండ్రి సార్!" అని జీవశాస్త్ర వీరవనిత బాలలక్ష్మి బల్ల చరచెను. "బియ్యం ఏకదళం, పల్లి ద్విదళం, శనగ ద్విదళం. గింజల పాఠమంత గా సర్వప్పలనే ఉన్నది. జైనూర్‌ల తెల్లారక ముందే బస్సెక్కి, అడవంత దాటి వచ్చిన. వట్టి చేతులతోని పోనే పోను."

తెలుగు పండితుడు శ్యాంసుందర్ కండువా సవరించి, కన్నులు మూసి, అందుకొనెను: "ఓ సర్వప్పా! తెలంగాణ గృహిణీ కోమలాంగుళీ ముద్రాంకిత వక్షఃస్థలా! తిల పల్లీ కరివేప పరిమళ..." ఇంతలో ఫ్యాను ఆగిపోయెను. కరెంటు పోయి ఆగినదో, ఆ సమాసమునకు బెదరి ఆగినదో చెప్పజాలను. చెమటలు కారుచుండగా ముగ్గురును ఏకమై జమున వైపు తిరిగిరి.

"లెక్కలకు ఊరేంది మేడమ్?" అనెను వెస్లీ. "యాడైనా రెండు రెండ్లు నాలుగే. మీరు పళ్లెం పెట్టుకోండ్రి."

"మీకు పిజ్జా ఉండనే ఉన్నది గద," అని కరుణాకర్ ఎర్రకలము మూత తీసి గణితపు ముసాయిదాపై ఎత్తెను. "ఉన్నదాన్ని ఉండనియ్యండ్రి."

హా! ఆ కలపు మొన కాగితమును తాకినచో సర్వప్ప నిహతము. జమున కన్నులకు ఏంజెల్ ఒడిలో ముడిచిపెట్టుకొన్న చేతులు కనబడెను. దీర్ఘోపన్యాసమొకటి రాత్రి అద్దము ముందర కంఠస్థము చేసినదే గాని, ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"సార్, ఒక్క నిమిషం," అని ఏంజెల్ కథ ఉన్నది ఉన్నట్లు చెప్పినది. పిమ్మట నల్లబల్ల వద్దకు నడచి పెద్ద సున్న గీసి, అందు నడుమ ఒకటి, చుట్టును నాలుగు చిన్న సున్నలు పెట్టినది. "గిట్ల గీసింది సార్ ఆ పిల్ల. గింతే."

సభ యావత్తు నల్లబల్ల వైపు మెడలు సాచెను. అది కరుణ వలననే అని జమున అనుకొన్నది. కాదు!

"ఐదే బొక్కలా?" అని బాలలక్ష్మి నిర్ఘాంతపోయెను. "నడుమంత పచ్చిగుంటది! మా అవ్వ ఏడు పెడ్తది."

"ఏడు సాల్తయా? చుట్టూ ఎనిమిదుండాలె, నడుమ పెద్దదొకటి!" అని వెస్లీ ఎదిరించెను.

"అసలు నడుమ బొక్క పెట్టుడేంది?" అని శ్యాంసుందర్ గ్రాంథికమును గాలికి వదలి అరచెను. "మా ఇంట్ల నడుమ పొడవనే పొడవరు. పొడిస్తే విరుగుతది!"

అంతట చెలరేగెను మహాసంగ్రామము. సుద్దముక్కలు శరములై ఎగిరెను, డస్టరు డాలయ్యెను, నల్లబల్ల కురుక్షేత్రమయ్యెను. ఒకరు పొడిచిన బొక్కను ఒకరు తుడిచిరి. తల్లుల పేర్లు, అత్తల పేర్లు, మేనత్తల పేర్లు రణనినాదములై మారుమ్రోగెను. నిండైన సర్వప్ప మా ఇంటిదనగా మా ఇంటిదని పంతములు పెరిగెను.

జమున కన్నులు మెరిసెను. "అందరిది ఒకటే గిన్నె అనుకోండ్రి. ఎవరి సర్వప్పల పిండి ఎక్కువున్నదో లెక్క గట్టుండ్రి, తేలిపోతది."

కలములు ఒరలనుండి వెడలెను. వెస్లీ చకచక గుణించెను. బాలలక్ష్మి వెస్లీ కాగితము చూడక చూచెను. బడి వదలిన పిమ్మట గణితముఖము చూడని శ్యాంసుందర్ ఒదిగి వచ్చి, "పై విలువ ఎంత మేడమ్?" అని గుసగుసలాడెను. కరుణాకర్ మాత్రము ఎర్రకలము పక్కన పెట్టి ఇంటికి ఫోను చేసి, "ఏమే, నువ్వు సర్వప్పకు బొక్కలెన్ని పెడ్తవు? ఏ, తినేటందుకు గాదు, ఆఫీసు పని!" అనుచుండెను.

లెక్కలు ముగిసెను. కరుణాకర్ కాగితములన్నియు ముందర వేసికొని చూచెను. అన్నిట ఒకటే దారి: పెద్ద వృత్తము కట్టుట, చిన్న వృత్తములు కట్టుట, తీసివేయుట. ఏంజెల్ నడచిన దారి.

"వీళ్లందరికి సున్న పెట్టాల్నా మేడమ్?"

"మీ ఇష్టం సార్. ఆ పిల్లకైతే పెట్టిండ్రు."

కరెంటు వచ్చెను. ఫ్యాను జయభేరివలె తిరుగనారంభించెను. వెస్లీ తల గోకికొని, "నేను జొన్న గటుక ఉడికే కుండ పెట్టుకుంట తియ్యండ్రి," అనెను. బాలలక్ష్మి ఇప్పగింజలతో సంధికి ఒప్పుకొన్నది. శ్యాంసుందర్ తన సంబోధనను పాడుకొనుటకు అనుమతి వేడగా, చాయ వేళలో మాత్రమే అను నిబంధనపై మంజూరయ్యెను. పిజ్జా పూర్తిగా చావలేదు. అధ్యాయము చివర, ఎవరును చేయని కష్టమైన లెక్కలోనికి పారిపోయి తల దాచుకొన్నది. సర్వప్పకు దక్కిన రాజ్యము, పుట కింద మూలన, రూపాయి బిళ్లంత బొమ్మ.

బడులు తెరిచినవి. జమున ముసాయిదా ప్రతులు పిల్లలకు పంచినది. కిటికీ పక్క బెంచీలో ఏంజెల్ ఆ పుట త్రిప్పి, మూలన ఉన్న బొమ్మను చూచి, వేలితో బొక్కలు లెక్కపెట్టి, మొగము చిట్లించినది. ఎన్నాళ్లుగానో ఒడిలో ఉన్న ఆ చెయ్యి మెల్లగా బల్ల అంచు దాటి, ముందు పిల్ల జడ దాటి, పైకి లేచెను.

"టీచర్, గీ బొమ్మ తప్పు. గిన్ని బొక్కలు పెడ్తే నూనె ఊకె కారిపోతది. మా అవ్వకు సూపిస్తే నవ్వుతది."

జమునకు నవ్వును, కన్నీళ్లును ఒకేసారి వచ్చెను. "రా బిడ్డా," అని సుద్దముక్క అందించినది. "అచ్చేసినోళ్ల తప్పు నువ్వే దిద్దు."

కావున సకల జనులారా వినుడు! మానేరు మొదలు జైనూరు అడవుల వరకు చాటుడు! రూపాయి బిళ్లంత జాగా గెలువబడెను. ఏడవ తరగతిలో, కిటికీ పక్కన, ఒక చెయ్యి లేచెను.