మా ఆస్పత్రి చావు కబురు ముందే పంపుతుంది

ఆస్పత్రి లోపలి దొంగల్ని తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. వాళ్ళే లేకపోతే మన ఊరికి అంత త్వరగా కబుర్లు అందించేదెవరు చెప్పండి!

బయటి దొంగలు రాకుండా డైరెక్టరుగారు గుమ్మానికి కెమెరాలు, తలుపులకి కార్డులు, రోగుల వివరాలుండే కంప్యూటరుకి పాస్‌వర్డు పెట్టించారు. ఎందుకండీ అంత హడావుడి? లోపలివాళ్ళు ఇంత కష్టపడుతుంటే బయటి దొంగకి అక్కడ పనేముంది?

మా ఆయన గెంచో సంగతే చూడండి. హెర్నియా ఆపరేషను చేయించుకుని నాలుగోనాడు బస్సు దిగి వచ్చేసరికి, మా గేటుకి నల్ల అంచు కాగితం. మనిషి పోతే ఫొటో వేసి అంటిస్తామే, అదే. ఫొటోలో ఉన్నది గెంచో! పక్కనే శవపేటికలు అమ్మే పేయో, చేతిలో జిగురు డబ్బా.

"ఏరా పేయో, నేనెప్పుడు పోయాన్రా?"

"నా తప్పు కాదు బాబాయ్! పోయింది నీ పక్క మంచం ఆయనట. ఆస్పత్రివాళ్ళు నా దగ్గర డబ్బు పుచ్చుకుని కూడా ఫోన్లో మంచం నంబరు తప్పు చెప్పారు."

"మరి ఫొటో?"

"అదీ ఆస్పత్రి నుంచే వచ్చింది. భలే పడ్డావులే!"

బతికే ఉన్నానని రుజువుకి గెంచో ఆ పూట రెండు గిన్నెల చిక్కుడు గింజల సూపు తాగాడు. నేను ఊరుకోక ఫిర్యాదు చేశాను. అదే నా బుద్ధి తక్కువ.

విచారణ సంఘం వేశారు. కంప్యూటరు పాస్‌వర్డు తెలిసినవాళ్ళు ఆస్పత్రి మొత్తానికి ముగ్గురు. సంఘంలో కూర్చున్నదీ ఆ ముగ్గురే. ఎంత తెలివైనవాళ్ళో! ఒక్క రోజులో దొంగని పట్టేశారు: నేల తుడిచే దోబ్రీనా! ఇరవై రెండేళ్ళ ఉద్యోగం ఊడింది.

"కంప్యూటరు మీద దుమ్మైనా నన్ను తుడవనివ్వరు గదా పిన్నీ!" అని మా వంటింట్లో కూలబడి ఏడ్చింది.

ఆమె ఉద్యోగం పోయి మూడు వారాలు. ఈ మూడు వారాల్లో పేయో నాలుగు చావిళ్ళకి డాక్టరు కబురు కన్నా ముందే చేరాడు. దోబ్రీనాని వెంటబెట్టుకుని డైరెక్టరుగారి గదికి వెళ్ళాను.

"ఈ పిల్ల మూడు వారాలుగా మా ఇంట్లో మిరపకాయలు కాలుస్తోంది గదయ్యా. మరి పేయోకి ఫోను చేసిందెవరు?"

ఆయన కళ్ళజోడు తీసి, ఎంతో ఓపిగ్గా నాకు బుద్ధి చెప్పారు.

"తప్పు మామ్మగారూ! ఆస్పత్రి లోపలి సంగతులు బయటివాళ్ళకి చెప్పకూడదు."